మధ్యాహ్నపు నవ్వు

అందరూ బుగ్గలు అని పిలిచే పిల్ల నిచ్చెన మీంచి పడేటప్పుడు కూడా నవ్వుతూనే పడింది. అదే దాని కొంప ముంచింది. ఏడుస్తూ పడి ఉంటే అయ్యో పాపం అనేవాళ్ళు, కాసిని నీళ్ళు తాగించి ఆ పూటకి ఇంటికి పంపేవాళ్ళు. నాలుగు మెట్ల నిచ్చెన మీంచి వెల్లకిలా పడి, తల నేలకి కొట్టుకుని, చేతిలోని చెక్క సుత్తి గోడ దాకా దొర్లిపోయాక కూడా ఆ పిల్ల కడుపు పట్టుకుని పకపకా నవ్వుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

సీలక్క మిషను ఆపి పరుగెత్తింది. ప్యాకెట్లకి సీలు వేసే మిషను ముందు పదకొండేళ్ళుగా కూర్చుంటోంది కాబట్టి ఆమె అందరికీ సీలక్కే. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. బుగ్గలు ఆమెకి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. రెండేళ్ళ కిందట పనిలో చేరిన రోజున "అక్కా, నీ పక్కన కూర్చుని తిననా?" అని డబ్బా తెచ్చుకుని కూర్చుంది, ఇక అక్కణ్ణుంచి లేవలేదు. నవ్వితే రెండు బుగ్గలూ సొట్టలు పడతాయి, అందుకే ఆ పేరు.

"లేవే తల్లీ, లే. దెబ్బ తగిలిందా?"

"తగిలిందక్కా," అంది బుగ్గలు నవ్వాపుకోలేక. "గట్టిగానే తగిలింది."

ఫ్యాక్టరీలో వాళ్ళు పనిచేసే ఆ గదిలో ఇదివరకు పళ్ళరసం పొడి నింపేవాళ్ళు. రెండు నెలల కిందట ఈ కొత్త సరుకు దిగింది, మద్యం పొడి. నీలం ప్యాకెట్టు చింపి గ్లాసుడు నీళ్ళలో కలిపితే చాలు, మందు తయారు. సీసా అక్కర్లేదు, మోత అక్కర్లేదు, జేబులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఊరంతా దాని గురించే గోల. బడికెళ్ళే పిల్లల చేతుల్లో పడితే ఎలా అని ఒకరు, ముక్కుతో పీలుస్తారట అని ఇంకొకరు. దాన్ని నింపే గదిలో పద్నాలుగుమంది ఆడవాళ్ళు రోజూ ఏం పీలుస్తున్నారో మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆ పొడికి ఒక పాడు గుణం ఉంది. కాస్త గాలి తగిలితే ముద్దకడుతుంది. అందుకని కిటికీలకి అంచులు కనపడకుండా టేపు అంటించారు, గోడ మీది ఫ్యాను ఆపేశారు, తలుపు ఎవరైనా తెరిస్తే సూపర్‌వైజరు కసురుకునేవాడు. ఎంత మూసినా పెద్ద గరాటులో పొడి గడ్డకట్టి జారేది కాదు. అప్పుడు బుగ్గలు నిచ్చెనెక్కి గరాటుని చెక్క సుత్తితో టకటకా కొట్టాలి. కొట్టినప్పుడల్లా తెల్లటి పొగలా లేచి మొహం మీదికి వచ్చేది. మూతికి కట్టుకున్న గుడ్డ మధ్యాహ్నానికి నోటి దగ్గర తడిసి జిగటగా అయ్యేది. నాలిక మీద ఒకటే తీపి, వెనక కాస్త చేదు.

భోజనాలయ్యాక, రెండు గంటలవుతుందనగా, గదిలో ఎవరో ఒకరు కిసుక్కుమనేవాళ్ళు. ఇక అందుకునేవాళ్ళు అందరూ. వంకరగా తెగిన ప్యాకెట్టు చూసి సీలక్కే ఒకరోజు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. దానికి వాళ్ళే మధ్యాహ్నపు నవ్వు అని పేరు పెట్టుకున్నారు. ఎంత మంచివాళ్ళం కలిశామే ఈ గదిలో అని మురిసిపోయారు కూడా, పిచ్చితల్లులు.

సూపర్‌వైజరు వచ్చాడు. కిందపడి నవ్వుతున్న మనిషిని చూశాడు, ఇంకేం అడగలేదు. గేటు దగ్గర లారీ డ్రైవర్లు తాగారో లేదో పరీక్షించే ఊదే మిషను ఉంటుంది, దాన్ని తెప్పించాడు. బుగ్గలు ఊదింది. కుయ్యిమంది మిషను, ఎర్రదీపం వెలిగింది.

"ప్యాకెట్లు చింపుకుని మింగుతున్నారన్నమాట," అన్నాడు. "నేను మిమ్మల్ని ఆడవాళ్ళు కదా అని నమ్మాను."

"నేను తాగలేదు సారూ." ఇప్పుడు నవ్వు ఆగింది. "మా పాప మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు."

సంచీ బోర్లించి వెతికారు. భోజనం డబ్బా, దువ్వెన, పాప జుట్టుకి కొన్న రబ్బరు బ్యాండ్లు. అయినా పది నిమిషాల్లో బయటికి పంపేశారు. ఆమె ఇల్లు చేరకముందే కబురు ఇల్లు చేరింది. తాగి పనిలో పడిపోయిందట! మెకానిక్ షెడ్డులో ఉన్న మొగుడు చేతులకి నూనె అలాగే ఉండగా వచ్చి, గుమ్మంలో నిలబడి, పాపని లోపలే ఉంచి తలుపేశాడు.

*

సాయంత్రం సీలక్క ఆ ఇంటికి వెళ్ళింది. బుగ్గలు అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతోంది. దారం పళ్ళతో తెంపి, తల ఎత్తకుండానే అంది, "రా తల్లీ. దాని తరఫున వచ్చావా?"

"నిజం తరఫున వచ్చాను పిన్నీ. అది తాగలేదు. ఆ గదిలో దుమ్ము అలాంటిది. మాకందరికీ ఎక్కుతోంది."

"మరి నువ్వెందుకు పడలేదు?"

సీలక్క దగ్గర జవాబు లేకపోలేదు. గరాటు దగ్గర నిలబడేది బుగ్గలు, తను కూర్చునేది పది అడుగుల దూరంలో. చెప్పింది. అత్తగారు వింటూ గుడ్డని మడతపెట్టి గోటితో గీత తీసింది.

"ఇదిగో చూడు, నేను రాక్షసిని కాను. దాని మావగారు తాగి తాగి ఆ మూల మంచం మీదే పోయాడు. ఇరవై ఏళ్ళు ఆ కంపు ఊడ్చాను. ఇంకోసారి ఆ కంపు ఈ గడప తొక్కనివ్వను. నా కొడుకు సంగతా, వాడు నా మాట దాటడు." మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. "ఆ పిల్ల నాకు రోజూ రాత్రి కాళ్ళు పట్టేది. నాకు మాత్రం ఉండదా? నువ్వంటున్న దుమ్ము సంగతి నలుగురి ముందు తేలనీ. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చుకుంటా. తేలకపోతే పాప ఇక్కడే ఉంటుంది, అది అక్కడే ఉంటుంది."

లోపలి గదిలోంచి పాప తలుపు సందులో మొహం పెట్టి చూసింది. మూడేళ్ళుంటాయి. దానికీ బుగ్గల్లో సొట్టలున్నాయి.

నలుగురి ముందు తేలడానికి చోటు కూడా దొరికింది. శుక్రవారం నాలుగు గంటలకి మునిసిపల్ హాల్లో ఈ పొడి మీద బహిరంగ విచారణ అని గోడలకి కాగితాలు అంటించారు. ప్రజలెవరైనా వచ్చి అడగొచ్చు. పోలీసులు ఊదే మిషను తెచ్చి, పొడి తాగినా పట్టుబడుతుందో లేదో అందరి ముందూ చూపిస్తారట.

మంగళవారం పని దిగాక సీలక్క గేటు దగ్గర ఆగింది. గేటు తాత కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"తాతా, ఆ మిషను ఇలా తే. నేనూ ఊదుతా."

"నీకేం వచ్చిందే? పని పోగొట్టుకోవాలని ఉందా?"

"తే అంటుంటే!"

తాత అటూ ఇటూ చూసి ఇచ్చాడు. సీలక్క గట్టిగా ఊపిరి పీల్చి ఊదింది. కుయ్యిమంది. ఎర్రదీపం.

"నువ్వు కూడా..." అన్నాడు తాత.

"నీ నోట్లో మన్ను పడ! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చుక్క ముట్టలేదు."

తాతకి అప్పుడు అర్థమైంది. మిషను లాక్కుని బల్ల కింద పెట్టేశాడు. "అమ్మా, ఈ సంగతిలో నా పేరు రానివ్వకు. ఈ వయసులో నాకు ఇంకో గేటు దొరకదు."

"రానివ్వను తాతా. ఒట్టు," అని అతని చేతిలో చెయ్యి వేసింది. ఆ ఎర్రదీపం చూసి అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండి ఉండరు. దారంతా దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

ఇంట్లో మొగుడికి చెప్పింది. ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. చేతుల మీద రోమాలు కాలిపోయి నున్నగా ఉంటాయి. మాట మాత్రం గరుకు.

"దొరికింది కదా ఆధారం! నోరు మూసుకుని శుక్రవారం దాకా కూర్చో. నేరుగా వెళ్ళి ఊదు. అయిపోయింది."

"ముందు సూపర్‌వైజరుకి చెబుతా."

"ఎందుకే! పట్టుకోబోయేవాడికి ముందే చెప్పి మరీ పట్టుకుంటావా?"

"పదకొండేళ్ళు వాళ్ళ దగ్గర పనిచేశాను. వెనక నుంచి పొడవడం నాకు చేతకాదు. మొహమ్మీద చెప్పే వెళ్తాను."

"నీ ముక్కుసూటితనానికో దండం," అన్నాడాయన నిజంగానే దండం పెట్టి. "ముక్కు పగిలేదాకా తెలియదు నీకు."

*

గదిలో దుమ్ము అందరికీ ఎక్కుతోందని, శుక్రవారం నలుగురి ముందూ తను ఊదుతానని బుధవారం పొద్దున్నే చెప్పేసింది. సూపర్‌వైజరు విసుక్కుంటాడనుకుంది, అరుస్తాడనుకుంది. అతను కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను మూత పెట్టి, నెమ్మదిగా విన్నాడు.

"మంచిదక్కా. నువ్వు నాకు చెప్పడమే మంచిదయింది. నీలాంటివాళ్ళు చెబితేనే మాకూ తెలుస్తుంది," అన్నాడు. బయటికొచ్చాక సీలక్కకి మొగుడి దండం గుర్తొచ్చి నవ్వొచ్చింది. చూశావా, మనుషులతో మనిషిలా మాట్లాడితే వింటారు అనుకుంది.

ఆ మధ్యాహ్నం మిషన్లు కడగాలని అందరినీ తొందరగా ఇంటికి పంపారు. గురువారం వచ్చి చూస్తే గది గుర్తుపట్టలేదు ఎవరూ. గరాటు మీద వెడల్పాటి రేకు గొడుగు, దాన్నుంచి పైకప్పుకి లావుపాటి గొట్టం, గొట్టంలో హోరుమని గాలి లాగే మోటారు. లేచిన పొడి లేచినట్టే గొట్టంలోకి పోతోంది. పక్కనే తేమ లాగే మిషను ఒకటి. మనిషికొక కొత్త మాస్కు, ముక్కు చుట్టూ మెత్తటి రబ్బరు అంచుతో, రెండు పక్కలా గుండ్రటి డబ్బాలతో.

"ఏనుగు మొహం వచ్చిందే నీకు!" అని ఒకరినొకరు ఏడిపించుకున్నారు. "అంతా సీలక్క పుణ్యమే" అని ఒకావిడ వచ్చి వాటేసుకుంది. సీలక్క కూడా మాస్కు పెట్టుకుని, రబ్బరు అంచు బుగ్గకి ఆనించి, హాయిగా ఊపిరి తీసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి సాయంత్రం తలనొప్పి లేకుండా ఇంటికెళ్ళింది.

శుక్రవారం రెండు గంటలైంది. మిషను దవడలు టప్ టప్‌మని మూసుకుంటున్నాయి, నీలం ప్యాకెట్లు వరసగా జారుతున్నాయి. సీలక్క ఒక ప్యాకెట్టు తీసి అంచు నొక్కి చూస్తూ ఆగిపోయింది. గదిలో చప్పుడు లేదు. మోటారు హోరు తప్ప మనుషుల చప్పుడు లేదు. నిన్న కూడా ఎవరూ నవ్వలేదు.

నవ్వు రావట్లేదంటే పొడి ఎక్కట్లేదు, మరి సాయంత్రం తను ఊదితే ఎర్రదీపం వెలుగుతుందా?

నీళ్ళకని చెప్పి గేటు దగ్గరికి పరుగెత్తింది. "తాతా, మిషను!"

"బాగుచేయించాలని నిన్ననే పట్టుకుపోయారమ్మా," అన్నాడు తాత మొహం తిప్పుకుని. "బాగానే పనిచేస్తోంది కదయ్యా అన్నాను. వినలేదు."

విచారణకి ఇంకా రెండు గంటలు కూడా లేదు. సీలక్క తిరిగి వచ్చి, కోతలో చెడిన ప్యాకెట్ల బుట్ట పక్కనుంచి నడుస్తూ ఒకదాన్ని గుప్పిట్లో పట్టేసింది. ఇలాంటి పని ఆమె బతుకులో ఎన్నడూ చేయలేదు. చేతులు కడిగే గదిలో గొళ్ళెం వేసుకుంది. ప్యాకెట్టు నోరు సగం తెరుచుకునే ఉంది. అరచేతిలోకి వంపింది. చిటికెడు పొడి. నాలికతో ఒక్కసారి తాకితే చాలు. ఎర్రదీపం వెలుగుతుంది, బుగ్గలు ఇల్లు చేరుతుంది, పాప అమ్మ ఒళ్ళోకి చేరుతుంది. ఇందులో అబద్ధం మాత్రం ఏముంది? మంగళవారం వెలిగింది కదా!

చేతిచెమటకి పొడి కరిగి జిగురైంది. అమ్మాయిలు పొడి మింగుతున్నారని కదా వాళ్ళు అన్నది! ఇప్పుడు తను మింగితే వాళ్ళు అన్నది నిజం చేసినట్టే. బుగ్గలు తాగలేదని చెప్పడానికి తను తాగి వెళ్ళాలా? ఛీ అనిపించింది. రెండు నెలలు పీల్చిన పొడి ఒంట్లో ఎక్కడో ఉండకపోతుందా, రెండు రోజులకే ఎక్కడికి పోతుంది అని తనకి తానే చెప్పుకుంది. కుళాయి తిప్పి చేతులు కడిగేసింది. సబ్బుతో రెండుసార్లు కడిగింది.

*

హాలు కిక్కిరిసింది. కమిటీ పెద్ద ఒక ముసలి డాక్టరమ్మ. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తోంది. బడి హెడ్‌మిస్ట్రెస్ లేచి, పెన్సిలు పెట్టెలో పట్టే ప్యాకెట్టుని నేనెలా పట్టుకోను అని నిలదీసింది. ఎవరి గ్లాసులోనైనా కలిపేస్తే దిక్కెవరు అని కాలేజీ అమ్మాయి ఒకతె అడిగింది. వెనకనుంచి ఒకాయన "ఇంట్లో పౌడరు డబ్బా కూడా దాచిపెట్టాలన్నమాట" అంటే హాలంతా నవ్వింది. కంపెనీ తరఫు మనిషి అన్నింటికీ చిరునవ్వుతోనే జవాబిచ్చాడు. చేదు కలిపాం, నీళ్ళలో వేస్తే రంగు మారుతుంది, ప్యాకెట్టు మీద హెచ్చరిక ఉంది. వాళ్ళ మనిషే ఒకడు పొడి కలిపిన గ్లాసు తాగి పోలీసు మిషనులో ఊదాడు. కుయ్యిమంది. చప్పట్లు కొట్టారు.

గుమ్మం దగ్గర పాపని చంకనేసుకుని బుగ్గలు అత్తగారు నిలబడి ఉంది. కుట్టుపని ఆపుకుని వచ్చింది. వెనక వరసలో గేటు తాత ఉన్నాడు. కంపెనీ మనుషులతో బస్సులో తెచ్చినట్టున్నారు.

సీలక్క వంతు వచ్చింది. లేచి ముందుకి నడిచింది.

"మీరందరూ ఈ పొడి తాగేవాళ్ళ గురించి అడిగారు. నింపేవాళ్ళ గురించి నేను అడుగుతున్నాను. మా గదిలో ఒక అమ్మాయి గరాటు దగ్గర పొడి పీల్చి పీల్చి కిందపడితే, తాగిందని తోసేశారు. దాని కాపురం పోయింది, బిడ్డ దూరమైంది. నేను జన్మలో తాగినదాన్ని కాదు. ఈ ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఇప్పుడు పనిలోంచి నేరుగా వచ్చాను. నన్ను ఊదమనండి."

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని పోలీసుకి తల ఊపింది. కొత్త గొట్టం తొడిగి ఇచ్చాడతను. సీలక్క కళ్ళు మూసుకుని ఊదింది. ఊపిరంతా అయిపోయేదాకా ఊదింది.

ఏ చప్పుడూ రాలేదు.

"సున్నా," అన్నాడు పోలీసు. మిషనుని డాక్టరమ్మకి చూపించాడు, తర్వాత జనానికి చూపించాడు.

"మొన్నటిదాకా మా గదిలో గాలి లాగే మోటారు లేదమ్మా," అంది సీలక్క. "ఈ మాస్కులూ లేవు. నేను చెప్పాకే బిగించారు. అంతకుముందు ఊదితే..."

"ఊదారా?" అంది డాక్టరమ్మ ముందుకి వంగి. వినాలనే ఉంది ఆవిడకి, మొహంలో తెలుస్తోంది. "అంతకుముందు ఎప్పుడైనా ఊదారా? ఎవరైనా చూశారా?"

సీలక్క వెనక వరస వైపు చూసింది. తాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తిప్పుతున్నాడు. పండిపోయిన ఆ నెత్తి చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

"సాక్ష్యం లేదమ్మా," అంది.

కంపెనీ మనిషి లేచాడు. "మా అక్క ధైర్యాన్ని నేను మెచ్చుకుంటున్నాను. మా గదిలో పని చేసి నేరుగా వచ్చి మీ అందరి ముందూ ఊదింది. కార్మికులకి ఏ ప్రమాదమూ లేదని మేం చెబితే మీరు నమ్మేవారు కాదు. ఆవిడ చూపించింది," అని మళ్ళీ చప్పట్లు కొట్టించాడు. డాక్టరమ్మ గుమాస్తా చేత రాయించింది. నింపే గదిలో పనిచేసే మనిషిని బహిరంగంగా పరీక్షించగా మద్యం జాడ కనపడలేదు. మాట మాటకీ ఆగి రాయించింది.

గుమ్మం దగ్గర బుగ్గలు అత్తగారు సీలక్క చెయ్యి పట్టుకుంది. పాప ఆవిడ భుజం మీద నిద్రపోతోంది.

"నీ మేలు మర్చిపోను తల్లీ. నాలుగు రోజులుగా సగం మనసు దానివైపే లాగుతోంది. అన్యాయం చేస్తున్నానేమోనని ముద్ద దిగలేదు. ఇవాళ్టితో నా మనసు కుదుటపడింది. నువ్వు దానికోసం వచ్చినా నిజమే తేల్చావు."

సీలక్క నోరు తెరిచింది. "అది కాదు పిన్నీ" అంది, ఇంకా ఏదో అంది. ఆవిడ జాలిగా తల ఊపుతూ మెట్లు దిగిపోయింది.

*

బుగ్గలు సైకిల్ షాపు మీది గదిలో సొంత అక్క దగ్గర ఉంటోంది. సీలక్క మెట్లెక్కేసరికి చీకటి పడలేదింకా. తలుపు తీసే ఉంది. బుగ్గలు కిటికీ దగ్గర కూర్చుని అక్క పిల్లల బట్టలు మడతపెడుతోంది. మొహంలో ఏడ్చిన జాడ లేదు. సొట్టల జాడా లేదు.

"కూర్చో అక్కా. మెట్లెక్కి ఆయాసపడుతున్నావు."

సీలక్క కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎంత చూపించింది?" అంది బుగ్గలే.

"సున్నా."

బుగ్గలు చిన్న లాగు ఒకటి తీసి, మోకాలి మీద పరిచి, ముడతలు సాపుచేసింది.

"వాళ్ళు గాలి లాగే మోటారు పెట్టారే," అంది సీలక్క గబగబా. "నేనే ముందుగా చెప్పి చెడగొట్టాను. మంగళవారం ఊదితే నాకూ ఎర్రదీపం వెలిగింది. నా కళ్ళతో చూశాను. నీకోసం..."

"అక్కా," అంది బుగ్గలు, వినిపించుకోనట్టు. "ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా. పొద్దున్నుంచీ ఉన్నావు. నేను ప్యాకెట్టు ఏమైనా చింపానా? నాకు గుర్తు లేదు. పడ్డాక అంతా మసకగా ఉంది. మా అక్క అడుగుతుంది, మా ఆయన అడుగుతాడు, ఊదితే ఎర్రదీపం వచ్చింది. మీకెవరికీ రాని దీపం నాకే ఎందుకొచ్చింది? నాకే తెలియకుండా తాగి ఉంటానంటావా?"

"లేదే తల్లీ! లేదు. నువ్వు తాగలేదు."

అది నిజం. కానీ ఆ చిన్న గదిలో, ఆ వేళప్పుడు, తన మాట తనకే ఉత్త ఓదార్పులా వినిపించింది సీలక్కకి. ఇంకోసారి చెప్పింది, ఇంకా గట్టిగా చెప్పింది. చెప్పినకొద్దీ పలచబడిపోయింది ఆ మాట.

"సర్లే అక్కా," అంది బుగ్గలు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి. "నా మనసు కష్టపడుతుందని అంటున్నావు. నాకు తెలుసు."

అని మళ్ళీ మడతలు పెట్టుకోసాగింది.